సుకన్య మత్తులో ఉన్న గంట

మత్తు తగ్గిస్తున్నారట. లోపలికీ బయటికీ తిరిగే నర్సమ్మ ఆ ముక్క వదిలేసి పోయింది, ఎవరు విన్నారో చూసుకోకుండా, బండి మీద ఉల్లిగడ్డలమ్మేవాడు ధర అరిచి సందు మలుపు తిరిగినట్టు. రాజనర్సయ్య ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపుల అవతల, వాటి లోపల ఇంకో తలుపుల అవతల, సుకన్య తల తెరిచి ఉంది. తెరిచి ఉంది అనే మాట డబ్బాకు చెప్పుకోవాలి, దుకాణానికి చెప్పుకోవాలి, కట్టుకున్నదాని తలకు చెప్పుకునే రోజొకటి వస్తుందని ఎవడనుకున్నాడు. పొద్దున్నే చక్రాల మంచం మీద తోసుకుపోయారు. ఒకవైపు జుట్టు గీసేస్తే ఆమె చెవి ఎంత చిన్నదో మొదటిసారి కనిపించింది, ఇన్నేళ్ల కాపురంలో ఆ చెవిని అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ చెవి పైనే పుర్రె తీసి, మెదడు మీద చుక్కలు చుక్కలుగా తీగలున్న మెత్తని పలక పరిచి, మత్తు దించుకుంటూ, లోపల ఏం నడుస్తోందో చూస్తున్నారట. చూడండి. బాగా చూడండి. ఆ తలలో ఏం నడుస్తోందో నాకు ఏనాడూ తెలియలేదు, మీకైనా చెబుతుందేమో, అనుకున్నాడు. అనుకుని, తన మాటలోని పులుపు తనకే తగిలి, కిటికీ వైపు తిరిగాడు. కిటికీ బయట పంజాగుట్ట. మెట్రో రైలు వాళ్లున్న అంతస్తుకు సమానంగా వచ్చి, లోపల నిలబడ్డవాళ్ల ముఖాలన్నీ ఒక్క క్షణం ఆసుపత్రికి చూపించి, అమీర్‌పేట వైపు పోయింది. ఎవరి పని మీద వాళ్లు. ఒక్క ముఖమైనా ఇటు తిరగలేదు.

నిన్న మధ్యాహ్నం మత్తు డాక్టరమ్మ, ఉదయలక్ష్మి అని కోటు మీద పేరు, కోస్తా మనిషి, మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని మరీ చెప్పింది. "చూడండి రాజనర్సయ్య గారూ, స్కానింగ్‌లో మచ్చ కనిపిస్తోంది, ఎడమవైపు, చెవికి కాస్త పైన. కానీ ఈ జబ్బు మచ్చ దగ్గరే ఆగదండీ, చుట్టుపక్కలకి పాకుతుంది. ఎంతదాకా పాకిందో మెదడు మీద అలలే చెప్పాలి. తక్కువ తీస్తే ఫిట్స్ మళ్లీ వస్తాయి. ఎక్కువ తీస్తే మాట పోతుంది, మాటలుండే చోటు కూడా ఆ పక్కనే." అతనికి ఒక అనుమానం వచ్చింది, అడగాలా వద్దా అని కాసేపు నలిగి అడిగాడు. "మత్తు ఇచ్చినంక మెదడు సుత పండుకుంటది గద మేడం, ఇగ ఏం జూస్తరు?" ఆమె నవ్వింది. "అందుకే ఆ కాసేపు నేను మత్తు తగ్గిస్తాను. నొప్పి తెలియకుండా, కదలకుండా ఉండటానికి వేరే మందులు నడుస్తాయి. మెలకువ మాత్రం రానివ్వను. మనిషిని ఆ అంచు మీద నిలబెడతాను. మత్తు ఎక్కువుంటే జబ్బు అలలు అణిగిపోతాయి, ఉన్నవి కూడా కనిపించవు. కొన్ని మందులు తేడా చేస్తే లేని అలల్ని పుట్టిస్తాయి. ఏ మందు, ఎంత, ఎప్పుడు ఆపాలి, ఆ తలనొప్పంతా నాది." లేస్తూ లేస్తూ మళ్లీ చెప్పింది, "ఇంకొకటి. ఈ రాత్రి మేమిచ్చింది తప్ప ఏదీ కడుపులోకి పోకూడదు. నిద్రమాత్ర, దగ్గుమందు, ఏదీ." తలూపాడు. తలూపడం అతనికి బాగా వచ్చు. ఏడో తరగతిలో సారు ముందు ఊపడం నేర్చుకున్నాడు, బడి వదిలేశాడు గానీ ఊపడం వదల్లేదు. అయినా ఆమె చెప్పింది అర్థమైంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎక్కించడం, దించడం అతని పని, నిచ్చెన మీద బతుకు. వెలిగే బోర్డులో ఒక అక్షరం చచ్చిపోతే కరెంటు ఉన్నప్పుడే వెతకాలి. ఆపేసి చూస్తే అన్నీ ఒకేలా చచ్చి ఉంటాయి.

అదే వరసలో, ఆ చివరి కుర్చీలో, చిలకమ్మ కూర్చుని ఉంది. సుకన్య తల్లి. మధ్యలో ఖాళీ కుర్చీలు. ఎవరో పెద్దమనిషి వచ్చి ఆ ఖాళీల్లో కూర్చోబోయి, అటొకసారి ఇటొకసారి చూసి, ఏం తోచిందో, వేరే వరసకు పోయాడు. రాజనర్సయ్య అత్తతో మాట్లాడడు. మాట్లాడక ఇరవై ఏళ్ల పైచిలుకు. మాట్లాడడు అంటే రాకపోకలు లేవని కాదు, మామ పోయినప్పటి నుంచీ ముసలామె వీళ్ల దగ్గరే ఉంటోంది, యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో, ఒకే గిన్నెలో వండింది తిని, ఒకే ఫ్యాను కింద పడుకుని, మాట్లాడడు. ఏం కావాలన్నా మధ్యలో సుకన్య. మీ అమ్మకు చెప్పు, నల్లా నీళ్లొచ్చినయి. నీ మొగనికి చెప్పు బిడ్డా, చాయ్ సల్లారుతున్నది. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఎదురెదురుగా కూర్చుని, మాట మాత్రం సుకన్య మీదుగా తిరిగి రావాలి, నేరుగా పోయే బండి లేక అమీర్‌పేటలో దిగి ఇంకో మెట్రో ఎక్కినట్టు. మొదట్లో ఆమె ఏడ్చేది. తర్వాత విసుక్కునేది. ఆ తర్వాత అదొక పనైపోయింది, గిన్నెలు తోమడంలాగే. ఒక్కో మాటను దారిలో కడిగి, ముల్లు తీసి అవతలికి అందించేది. ముసల్దానికి పనిలేదా అని ఇతనంటే, "జర నడుం వాల్చమంటున్నడే అమ్మా" అని అటు చేరవేసేది. అటు నుంచి వచ్చే తిట్లు కూడా అలాగే మెత్తబడి వచ్చి ఉంటాయి, ఎన్ని తిట్లు తినకుండా మిగిలిపోయాడో అతనికి లెక్క తెలియదు. పొద్దున్నుంచి ఇద్దరూ ఇలాగే కూర్చున్నారు, ఒక్క మాట లేదు. కబురు మోసే మనిషి లోపల పడుకుని ఉంది.

తప్పెవరిది అని ఎవడైనా అడిగితే ఇప్పటికీ అత్త వైపే వేలు చూపిస్తాడు. పెళ్లయిన కొత్తలో అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ సుకన్య ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, అద్దెకు ఎవరూ రాని ఇంటి కిటికీల్లా. కుడిచేతిలోని గంటె జారి కింద పడింది. పెదవులు ఏదో నములుతున్నాయి. ఎడమచెయ్యి కొంగును మడుస్తోంది, విప్పుతోంది, మళ్లీ మడుస్తోంది. పొగరు అనుకున్నాడు. పిలుస్తుంటే పలకవేందే అని గొంతు చించుకున్నాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఎక్కడికీ పోనిదానిలా, "ఏమన్నవ్?" అంది. అంతకుముందు ఒక్కమాట అనేది ఎప్పుడూ, బెల్లం మాడుతున్నది అని. ఇంట్లో బెల్లమే ఉండేది కాదు. ఆ వాసన ఆమెకు ఒక్కదానికే వచ్చేది, రాగానే మనిషి పోయేది. ఆరు నెలలు గడవకముందే ఒక రోజు పెద్దది వచ్చింది, నేల మీద కాళ్లూ చేతులూ కొట్టుకుని, నురగ కక్కి. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి రవిక వదులు చేస్తే దాని కుట్టులో నుంచి చిన్న ఇనుపముక్క బయటపడింది. చిలకమ్మ కుట్టింది. పెళ్లినాడు, పీటల మీద మూర్ఛ రాకూడదని. అంటే తెలుసు. గౌను వేసుకునే వయసు నుంచీ తెలుసు. అదే రోజు బస్సెక్కి పోయి, ఊళ్లో వాళ్లందరి ముందర నిలదీశాడు, మూర్ఛ ఉన్న పిల్లను నాకెందుకు అంటగట్టినవ్ అని. చిలకమ్మ తల వంచుకుని, "చెప్తే ఎవడు చేసుకుంటడు బిడ్డా" అంది. అంతే. అదొక జవాబా? క్షమించు అనలేదు, తప్పయింది అనలేదు, చెప్తే ఎవడు చేసుకుంటడు అని అతన్నే తిరిగి అడిగింది. నీతోటి మాట్లాడితే నా నోట్ల పురుగులు వడ అని అరిచి వచ్చేశాడు. కోపం ఎప్పుడో కారిపోయిందేమో. ఒట్టు మాత్రం వానకు తడిసిన బోల్టు, బిగించినవాడికే విప్పరాదు.

వదిలెయ్ అని చెప్పినవాళ్లు బోలెడు మంది. వదల్లేదు. మంచితనం అనుకునేరు, కాదు. వదిలేస్తే ఎవరి మీద కోపం పెట్టుకుని బతకాలో తెలియక కావచ్చు. సుకన్య అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది, పప్పు, చారు, ఆదివారం కోడికూర. ఇతను ఆ సందు చివర నిచ్చెన మీద ఉంటే, కింద పిల్లలు బ్యాగులు వేసుకుని పోతూ ఉంటే, ఆ గుంపులో ఆమె కూడా కూరగాయల సంచితో పోయేది, తలెత్తి ఒకసారి చూసేది. దిగి పలకరించేవాడు కాదు. పని మీద ఉన్నా గద, అనుకునేవాడు. మొన్న వానాకాలంలో హాస్టల్ పిల్ల ఒకతె ఫోను చేసింది, "అంకుల్, ఆంటీ, ఆంటీ" అని ఏడుపే గాని మాట లేదు. పరుగెత్తి పోతే పిల్లలు చెప్పారు, ఉడికే సాంబారు గిన్నెలో మోచేతిదాకా చెయ్యి ఉందట, ఎవరో లాగి తీసేదాకా ఆమెకు తెలియదట. చెయ్యి ఉంది, మనిషి లేదు. ఆ చెయ్యి మానడానికి ఎన్ని వారాలు పట్టిందో. హాస్టల్ వాళ్లు ఇక రావద్దమ్మా అన్నారు, మంచిగానే అన్నారు. మందుల మీద మందులు మార్చి మార్చి, చివరికి ఈ ఆసుపత్రిలో, కోస్తే తగ్గే రకం అన్నారు. అందరికీ ఆ అదృష్టం ఉండదట. సుకన్య ఆ మాటకు నవ్వింది, "ఇన్నేండ్లకు నాకు సుత ఒక అదృష్టం" అని.

ఆ అదృష్టం మీద నిన్న సాయంత్రం ఏం పడిందో అతనికి తెలుసు. తెలిసి కూర్చున్నాడు. సంచిలో తన టిఫిన్ డబ్బా కింద గుడ్డలో చుట్టి చిలకమ్మ ఒక నీళ్ల సీసా తెచ్చింది. సుకన్య మూత తీయగానే ఆ పుల్లటి వాసన కొట్టింది.

"అమ్మా, కల్లా?"

"కల్లు గాదు, తీర్థం. పోచమ్మకు సాక పోసి మిగిలింది తెచ్చిన. ఒక గుక్కెడు తాగు బిడ్డా, నిమ్మళంగ ఉంటది."

"మీ అమ్మకు చెప్పు, గిది దవాఖాన, కల్లు దుకాణం గాదు."

"నీ మొగనికి చెప్పు, గా డాక్టర్లు సుత కత్తి పట్టే ముంగట దండం పెట్టుకుంటరు."

సుకన్య ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది. "పోస్ట్‌మ్యాన్‌కు సుత సెలవుంటది. రేపటి సంది నాకు సెలవు. మీ తిప్పలు మీరు పడున్రి."

అప్పుడు అనాల్సింది. ఒక్క మాట, ముసలామె ముఖం మీదే, వద్దు అని. డాక్టరమ్మ ఏదీ పోకూడదన్నది, వద్దు. కానీ ఆ మాట సుకన్య మీదుగా కాకుండా పోవాలంటే దానికి దారి లేదు. తాగితే తాగనీ, ఆమె తల్లి, ఆమె పోచమ్మ, నడుమ నాదేం పోయింది అనుకుని, విసురుగా మెట్లు దిగి, చౌరస్తా దాకా పోయి చాయ్ తాగాడు. తిరిగొచ్చేసరికి సీసా కనపడలేదు. సుకన్య కొంచెం నోరు తెరిచి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోతోంది. ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లు ఉండకూడదు, తల్లి ఉండిపోయింది, ఇతను కింద చాప పరుచుకున్నాడు. సిటీలో చెట్టు కల్లు ఎక్కడిది. కల్లు దుకాణం కాంపౌండులో, డ్రమ్ములో పొడి కలుపుతారు, ఆ పొడి ఏమిటో బస్తీలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు, నిద్రబిళ్లల పొడి. అలవాటైనవాడు అది లేక వణికిపోతాడు, కొత్తగా తాగినవాడు తెల్లారినా లేవడు. ఈ సంగతి చాప మీద పడుకున్నప్పుడూ తెలుసు. తెలిసినదాన్ని అవతలికి తిప్పి పడుకోవడం కూడా అతనికి బాగానే వచ్చు.

తలుపు తోసుకుని ఉదయలక్ష్మి వచ్చింది. ముఖానికి మాస్కు, కళ్లు మాత్రమే. అతను లేచి నిలబడ్డాడు. అటు చివర చిలకమ్మ కూడా లేచింది, గోడ పట్టుకుని.

"కంగారు పడకండి, ఆవిడ బానే ఉన్నారు. ఒక్క సంగతి అడుగుదామని. రాత్రి నిద్రమాత్ర ఏమైనా వేశారా? ఇంట్లోది, ఎవరైనా ఇచ్చింది?"

"మాత్రలేం వెయ్యలే మేడం."

"మేమిచ్చిన మత్తు ఈపాటికి దిగిపోవాలండీ. మెదడు మాత్రం ఇంకా మత్తులోనే ఉన్నట్టు గీతలు వస్తున్నాయి, సన్నగా, గబగబా, అన్నిచోట్లా ఒకేలా. జబ్బు అల ఒక్కటీ పైకి రావట్లేదు. ఏంటో అర్థం కావట్లేదు." ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. "సరే. ఇంకాసేపు చూస్తాం. రాకపోతే స్కానింగ్‌లో కనిపించిన మచ్చ వరకే తీసి మూసేద్దామంటున్నారు సర్జన్ గారు. మిగతాది ఉండిపోతే మళ్లీ మొదటికే వస్తుంది."

తలుపు మూసుకుంది. మాత్రలేం వెయ్యలే. అబద్ధం కాదు. మాత్ర కాదు గద అది. ఇన్నేళ్ల బతుకులో అంత శుభ్రమైన నిజం ఎప్పుడూ చెప్పలేదేమో, దాని కింద ఎంత కంపు ఉన్నా. ఎందుకు చెప్పలేదు? కల్లు తాపిన్రా అని ఆ కళ్లు చిన్నవవుతాయని. ఆపరేషన్‌కు పోయే మనిషికి కల్లు తాపిన మోటోళ్లు అని ఈ హాలంతా తిరిగి చూస్తుందని. చెబితే ఎంత తాగింది అంటారు, ఎప్పుడు తాగింది అంటారు, ఆ లెక్క తన దగ్గర లేదు, ఆ చివరి కుర్చీలో ఉంది. ఆమెనే చెప్పనీ. తెచ్చింది ఆమె, పోసింది ఆమె, నోరు లేదా? చూడు ఎట్ల కూర్చున్నదో, కొంగు నోట్లో కుక్కుకుని. చిన్నప్పటి నుంచీ జబ్బును దాచింది, ఇప్పుడు కల్లును దాస్తోంది. లేచి అరవొచ్చు. అందరి ముందర, డాక్టర్ల ముందర, ఇదిగో ఈమె, అప్పుడూ ఈమే, ఇప్పుడూ ఈమే అని. ఇరవై ఏళ్లు ఈ రోజు కోసమే నోరు మూసుకున్నట్టు, పళ్ల సందున ఆ అరుపు తీపిగా ఊరింది కూడా. ఊరి, అక్కడే ఆగింది. అరిచి ఇంటికి పోతే ఇంట్లో ఏముంటుంది? సుకన్య వస్తుంది, తలకు కట్టు కట్టుకుని. మళ్లీ ఒకరోజు బెల్లం మాడుతున్నది అంటుంది. లేదా గీతలు కనపడక, గుడ్డిగా కోసి, కోయరానిది కోసి, ఏ మాటా అనదు. గదిలో ముగ్గురు ఉంటారు, ఫ్యాను చప్పుడు ఉంటుంది. మీ అమ్మకు చెప్పు అంటే, చెప్పడానికి ఆమె దగ్గర మాట ఉండదు. అప్పుడు ఇంకొకటి తట్టింది, నిచ్చెన మీద కాలు జారినట్టు. మీ అమ్మకు చెప్పు, మీ అమ్మను అడుగు, మీ అమ్మతోటి అను. ఈ మాటలన్నీ తీసేస్తే, సుకన్యకని, సుకన్య కోసమని, తను అన్నదేముంది? అన్నం పెట్టు. పడుకో. మాత్ర వేసుకున్నవా. ఇంకా? వెతికాడు. చెవి ఇంత చిన్నగా ఉన్నదని కూడా చెప్పలేదు. ఆమె ఆ మాటలన్నీ మోసింది, తనకంటూ ఒక్కటీ రాని పోస్ట్‌మ్యాన్‌లా. ఎవరికీ ఎవరూ లేని ముగ్గురు మనుషులు రెండు గదుల్లో, ఆ ముగ్గురిలో ఒక్కతే నవ్వేది. ఆ నవ్వే మనిషి తల ఇప్పుడు తెరిచి ఉంది. వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఇంకాసేపే అన్నారు. ఇంకాసేపు అంటే ఎంతసేపు?

లేచాడు. ఖాళీ కుర్చీల పక్కగా నడిచాడు. ముసలామె ముందర నిలబడ్డాడు. నోరు తెరిస్తే పాత దారిలోనే మాట వచ్చింది, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "సుకన్యా, మీ అమ్మను అడుగు" అనేశాడు. అని, ఆగిపోయాడు. కుర్చీలో ఎవరూ లేరు. ఎవరో పిల్లవాడి చిప్స్ కవరు ఉంది. చిలకమ్మ కూడా ఆ కుర్చీ వైపు చూసింది, బిడ్డ ఉందేమో అన్నట్టు.

"అత్తా," అన్నాడు.

ముసలామె వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో పిలుస్తున్నాడనుకుని.

"నిన్నే అత్తా. ఎంత తాగింది?"

"గుక్కెడే..."

"అత్తా, నిజం చెప్పు. తల తెరుసుకుని కూసున్నరు లోపల. జబ్బు కనబడుత లేదట. గా మత్తు కప్పేసిందట."

 చిలకమ్మ కొంగు నోట్లోంచి తీసింది. "నువ్వు కిందికి పోయినంక సగం తాగింది. తెల్లారగట్ల లేసి, అమ్మా భయమైతుందే, గుండె దడదడ కొట్టుకుంటుందే అన్నది. మిగిలింది సుత పోసిన. అంతా. నా చేత్తోటే పోసిన బిడ్డా, గొంతుల."

"ఏడ తెచ్చినవ్? చెట్టుదా, డ్రమ్ముదా?"

"చెట్టుది నాకేడ దొరుకుతది? మన గల్లీ కొసన దుకాణంలదే." అతని చెయ్యి పట్టుకుంది. ఎండిన చెయ్యి, ఇనుపముక్కను కుట్టిన చెయ్యి. "నా పేరే చెప్పు అల్లుడా. ముసల్ది చేసిందని చెప్పు. పోలీసోళ్లకు పట్టిచ్చినా పోత. పిల్లను మాత్రం మంచిగ చేయమను."

తలుపు పక్కనున్న బెల్లు నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. లోపలినుంచి నర్సమ్మ, ఏందన్నా ఆగవా అని విసుక్కుంటూ వచ్చింది, అతని ముఖం చూసి లోపలికి పోయి ఉదయలక్ష్మిని పిలుచుకొచ్చింది.

"కల్లు తాగింది మేడం. రాత్రి సగం సీసా, తెల్లారగట్ల సగం. దుకాణం కల్లు, మందు కలిపేది. మేమే తాపినం."

డాక్టరమ్మ కళ్లు మూసి తెరిచింది. "ఎవరు?"

"ఆమె పోసింది. నేను చూసిన, వద్దనలే. ఇద్దరం."

"పొద్దున కూడానా... దేవుడా. కడుపులో అది పెట్టుకున్న మనిషికా నేను మత్తిచ్చింది?" గొంతు లేచింది, హాల్లో తలలు తిరిగాయి. వెంటనే తగ్గించుకుంది. "తిట్టడానికి ఇప్పుడు టైం లేదు, తర్వాత తిడతాను, గుర్తుపెట్టుకోండి. లోపల మచ్చ వరకే తీసేద్దామని సిద్ధమవుతున్నారు. ఆపమంటాను."

"విరుగుడు లేదా మేడం?"

"ఉందండీ. ఫిట్స్ ఉన్న మనిషికి అది కత్తి మీద సాము. ఒక్కసారిగా మత్తు లాగేస్తే అక్కడే పెద్ద ఫిట్ రావచ్చు. చుక్క చుక్కగా ఇచ్చి చూడాలి, లేదా దానంతట అది దిగేదాకా ఆగాలి. తెరిచిన తలతో ఎంతసేపని ఆగుతాం, అదొక భయం." తిరగబోయి ఆగింది. "చెప్పారు. అది మేలు చేశారు." తలుపు ఊగి, ఊగి, నిలబడింది.

హాల్లో ఉన్నవాళ్లు చూస్తూనే ఉన్నారు. చూడనీ. కల్లు తాపిన మోటోళ్లు, అవును. అతను తన పాత కుర్చీ వరకూ పోలేదు. ముసలామె పక్కన ఉన్న చిప్స్ కవరు తీసి కింద పెట్టి, అక్కడే కూర్చున్నాడు.  ఇన్నేళ్ల మాటలు గొంతులో ఉన్నాయి గానీ, ముల్లు తీసి అందించే మనిషి లేదు, తీయకుండా ఇస్తే గుచ్చుకుంటాయి. చిలకమ్మే అడిగింది.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"మత్తు కింద దాసుకున్నదట జబ్బు. అది బయటపడితేనే, గిక్కడిదాంక ఉన్నదని తెలుసుకుని కోస్తరట. బయటపడకుంటే లాభం లేదు."

ఆమె తలూపింది. చేతులు జోడించింది. కళ్లు మూసుకుని, పెదవులు కదపబోయి, ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపేసింది. అతని వైపు తిరిగింది. ఇంత దగ్గరగా ఆ ముఖాన్ని చూసి ఎన్నాళ్లయిందో, ముసలిదైపోయింది, అతనికి తెలియకుండానే.

"అల్లుడా, దానికి సోయి తెలిసినప్పటి సంది నేను ఒకటే మొక్కిన. రావద్దని. బాయికాడ రావద్దు, బువ్వ తింటుంటే రావద్దు, పెండ్లిపీటల మీద రావద్దు. ఇంకో మొక్కు నాకు తెల్వదు. ఇప్పుడు ఏమని మొక్కాలె?"

రాజనర్సయ్య తలుపుల వైపు చూశాడు.

"రమ్మను అత్తా. ఒక్కసారి రమ్మని మొక్కు."

ముసలామె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏ దేవుడికీ ఎప్పుడూ ఏమీ చెప్పుకోని రాజనర్సయ్య కూడా కళ్లు మూసుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ తిట్టిపోసిన ఆ పాడు జబ్బును, రా, కనపడు, నువ్వెక్కడిదాకా ఉన్నావో చూపించు, అని లోపల్లోపల పిలుస్తూ కూర్చున్నాడు.